మూడో వారం

మన విద్యార్థి సంఘం కార్యదర్శి పోయిన నెల ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. "సావనీరుకి ఏదైనా రాసివ్వండి మాస్టారూ" అని అడిగి, అంతలోనే నా నున్నటి గుండు కేసి చూసి నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, మీకు ఒంట్లో బాగోలేదు గదండీ. పర్వాలేదు సార్, వచ్చే ఏడు రాద్దురు గాని" అన్నాడు. మంచి కుర్రాడు, మర్యాదకే అన్నాడు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూసుకుందాం, ఈ ఏడు నేనున్నాను గదా, రాస్తానని చెప్పి పంపించాను.

అతను మెట్లు దిగి వెళ్ళాక ఆలోచిస్తే, రాయవలసిన విషయం అతనే నా చేతికిచ్చి వెళ్ళాడనిపించింది. కేన్సర్ వచ్చిన మనిషితో ఎలా మెలగాలో మనలో చాలామందికి తెలియదు. తెలియక మనం చేసే పని ఆ మనిషిని లెక్కలోంచి తీసెయ్యడం. ద్వేషంతో కాదు, ప్రేమతోనే తీసేస్తాం. పెళ్ళికి పిలవం, పాపం అలిసిపోతాడని. పని చెప్పం, పాపం ఓపిక లేదని. పోట్లాడం, పాపం బాధపడతాడని. ఈ 'పాపం' అన్న మాట కింద మనిషి నిలువునా మరుగున పడిపోతాడు. దీని గురించే నాలుగు మాటలు చెప్పదలిచాను.

ముందు నా సంగతి. ఈ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పబట్టి పంతొమ్మిదేళ్ళయింది. కిందటి ఆగస్టులో గడ్డం గీసుకుంటూంటే మెడ పక్కన ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పీ లేదు, ఎరుపూ లేదు. నొప్పి లేదు గదా అని నెల్లాళ్ళు ఊరుకున్నాను. అది నా తప్పు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే శోషరస గ్రంథుల కేన్సర్ అని తేలింది. లింఫోమా అంటారు. ఇరవై ఒక్క రోజులకొకసారి చొప్పున ఆరు విడతలు మందు ఎక్కించాలన్నారు. నాలుగు అయ్యాయి. ఈ సంచిక మీ చేతికి అందేనాటికి ఆరూ పూర్తయి ఉండాలి. మధ్యలో తీసిన స్కానింగులో గడ్డలు బాగా తగ్గాయన్నారు. పూర్తిగా పోయాయా లేదా అన్నది చివరి స్కానింగు చెబుతుంది. అందుచేత ఇది జయించినవాడి ఉపన్యాసం కాదు. ఇంకా పరీక్ష హాల్లో కూర్చున్నవాడు రాస్తున్న కాగితం.

నాకు ఎక్కిస్తున్న మందుల్లో ఒకటి విన్‌క్రిస్టిన్. మన బొటానికల్ గార్డెన్ గేటు దగ్గర, మీరు సైకిళ్ళు ఆనించి తొక్కేస్తూ ఉంటారే, ఆ బిళ్ళ గన్నేరు మొక్కలోంచి వచ్చిందే అది. కాథరాంథస్ రోజియస్, సొంత ఊరు మడగాస్కర్. 1950లలో ఈ మొక్క మధుమేహానికి పనికొస్తుందేమోనని కెనడాలో పరిశోధిస్తూంటే, చక్కెర సంగతి అటుంచి, తెల్ల రక్తకణాలు తగ్గిపోవడం కనిపించింది. అమెరికాలో ఇంకొకరు ఇదే మొక్క మీద పనిచేస్తున్నారు. ఆ దారినే విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ బయటపడ్డాయి. 1963 నుంచి విన్‌క్రిస్టిన్ వైద్యంలో ఉంది. ఒక్క గ్రాము మందు తియ్యడానికి వందల కిలోల ఎండుటాకు కావాలి. ఒకసారికి నాకు ఎక్కించేది రెండు మిల్లీగ్రాములు, అంతకు మించి ఇవ్వరు. ఏటా ఈ పాఠం చెప్పి, అయిదు మార్కుల ప్రశ్న ఇచ్చి, జవాబులో 'విన్‌' ఒకటి మరిచిపోయినవాడికి మార్కు కోసేవాణ్ణి. ఇప్పుడా జవాబు నా నరంలోకి ఎక్కుతోంది.

మందు ఎక్కించుకున్నవాడికి కేలండరు మారిపోతుంది. ఆదివారం, సోమవారం ఉండవు. మొదటి వారం, రెండో వారం, మూడో వారం అంతే. మొదటి వారం నోరు ఇనుము నాకినట్టుంటుంది. అన్నం వాసన తగిలితే కడుపులో తిప్పుతుంది. అయిదు రోజులు వేసుకునే ప్రెడ్నిసోలోన్ మాత్రలవల్ల రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, గోడమీద బల్లి తప్ప మాట్లాడే నాథుడుండడు. రెండో వారం తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు ఎవరి జలుబైనా నాకు గండమే. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రి అయినా సరే ఆస్పత్రికి పరుగెత్తాలి, ఇంట్లో మాత్ర వేసుకుని పడుకోకూడదు. ఇక మూడో వారం! నోట్లో పుళ్ళు మానతాయి. కాఫీకి కాఫీ రుచి వస్తుంది. ఆవకాయ మాత్రం ఇంకా దూరంనుంచే, అయినా చూస్తే నోరూరుతుంది. నోరూరడం ఎంత భాగ్యమో ఇదివరకు నాకు తెలియదు.

నేను చెప్పొచ్చేదేమిటంటే, జబ్బుతో ఉన్నవాడు నిండుగా బతకడమంటే హిమాలయాలు ఎక్కడం కాదు. ఎప్పుడూ నవ్వుతూ ఉండడం అంతకంటే కాదు. మొదటి వారంలో నాకు ఎవరూ అక్కర్లేదు, దేవుడొచ్చినా రేపు రమ్మంటాను. ఆ మూడో వారం ఉందే, అది ఖాళీగా పోకూడదు. అది నిండాలంటే నా ఒక్కడి వల్ల కాదు. నలుగురు కావాలి.

మొదట్లో నా మూడో వారాన్ని అందరూ కలిసి ఖాళీ చేసేశారు. ఒక పెద్దమనిషి నన్నడక్కుండానే టైంటేబులులోంచి నా పేరు తీయించారు, నా మంచికే. ఇంట్లో మా ఆవిడ నెల్లాళ్ళపాటు నన్ను ఒక్క మాట అనలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగను. డాక్టరు చెప్పినప్పుడు వెయ్యని భయం అప్పుడు వేసింది. ఓహో, ఇక నామీద కోప్పడే పని కూడా లేదన్నమాట అనుకున్నాను. రెండో విడత తర్వాత గ్యాసు బుక్ చెయ్యడం మరిచిపోయాను. పొయ్యిమీద పాలు సగం కాగి ఆరిపోయాయి. ఆవిడ చెడామడా తిట్టి, తిట్టాక కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను నవ్వాను. ఆ రాత్రి ఇద్దరికీ హాయిగా నిద్రపట్టింది.

నా తప్పూ ఒకటి చెప్పాలి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పరీక్షల ఏడాది గదా అని తనకి చెప్పలేదు. ఏదో గ్రంథి వాపు, మందులు వాడితే పోతుందన్నాను. బీరువా మీద ఫైలు చూసి, అందులోని మందు పేర్లు ఫోనులో వెతికి, తనే తెలుసుకుంది. నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగింది. అయిదో రోజు నా మంచం పక్కన నిలబడి, "నాన్నా, నాకు చెప్పకపోతే నాకు దిగులుండదనుకున్నారా? ఒక్కదాన్నే దిగులు పడ్డాను, అంతే" అంది. పంతొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, పదిహేడేళ్ళ పిల్ల చెప్పిన పాఠానికి జవాబు లేకపోయింది. దాచడంవల్ల దుఃఖం తగ్గదు. దుఃఖంలో తోడు తగ్గుతుంది.

మన సమాజంలో ఈ దాచడం కొత్తేం కాదు. నా తరంవాళ్ళకి కేన్సర్ అన్న మాట నేర్పింది సినిమా. 1981లో వచ్చిన 'ప్రేమాభిషేకం'లో అక్కినేని నాగేశ్వరరావు గారి పాత్ర తన జబ్బు దాచి, ప్రేమించిన పిల్ల తనను అసహ్యించుకునేలా నటించి, ఆమెను వేరొకరికి అప్పగిస్తుంది. హాళ్ళలో జనం వెక్కి వెక్కి ఏడ్చారు. కేన్సర్ వస్తే మంచివాడు చేయవలసిన పని దూరంగా జరిగిపోవడమేనని మా మనసుల్లో ముద్ర పడిపోయింది. అదే నాగేశ్వరరావు గారికి తొంభయ్యో పడిలో నిజంగానే ఆ జబ్బు వచ్చింది. ఆయన ఏం చేశారు? 2013 అక్టోబరులో తనే పత్రికలవాళ్ళని పిలిచి, నాకు కేన్సర్ వచ్చిందని చెప్పారు. కొడుకుతోనూ మనవడితోనూ కలిసి 'మనం' సినిమా చేస్తూ, తన పాత్రకు ఇంటి దగ్గరే డబ్బింగు చెప్పి పూర్తిచేశారు. 2014 జనవరిలో కన్నుమూశారు. సినిమా మే నెలలో వచ్చింది. తెరమీద దాచిన మనిషి జీవితంలో దాచలేదు. మనం మాత్రం తెరమీది పాఠాన్నే పట్టుకుని కూచున్నాం.

జబ్బు సంగతి చెప్పాలంటే, అది అన్ని రకాల్లోనూ ఒకటి కాదు, అన్నిటికీ మందు లేదు కూడా. అలాగని పేరు వినగానే పాడె కట్టే రోజులు పోయాయి. 1948లో అమెరికాలోని బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తకేన్సర్ వచ్చిన పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందిచ్చి, కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిందని ప్రకటించాడు. ఆ మందు వచ్చింది లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో. నాకు ఎక్కిస్తున్న రిటుక్సిమాబ్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది 1997లో. 2007లో హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ కంపెనీ దానికి దీటైన మందు తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. చెప్పేదేమిటంటే, మందు వెతికినవాళ్ళు వాళ్ళ పని చేశారు. మిగిలింది మన పని.

మన పని అంటే ధైర్యం చెప్పడం అనుకుంటారు చాలామంది. ఫోను చేసి "మాస్టారూ, ధైర్యంగా ఉండండి, మనోబలం ఉంటే ఏ జబ్బయినా పోతుంది" అంటారు. ఈ మాటతో నాకు పెద్ద పేచీ ఉంది. మనోబలంతో గడ్డ కరగదు, మందుతో కరుగుతుంది. మనోబలమే జబ్బు నయం చేస్తే, చనిపోయినవాళ్ళందరూ పిరికివాళ్ళనా? ఏ రాత్రైనా నాకు భయం వేస్తే, ఆ భయంవల్లే జబ్బు ముదిరిందని రేపు నన్నే తప్పుపడతారా? భయపడే హక్కు రోగికి ఉండాలి. భయంగా ఉందని చెబితే వినే మనిషి ఒకడు ఉండాలి.

అటువంటివాళ్ళు నాకున్నారు. రసాయనశాస్త్రం చెప్పే నా మిత్రుడు మూడో వారం వచ్చిందంటే చదరంగం బల్ల చంకన పెట్టుకుని దిగుతాడు. జాలిపడి ఒక్క ఆట కూడా ఓడిపోడు, దుర్మార్గుడు. రెండో వారంలో మాత్రం గుమ్మం బయటే కుర్చీ వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కిటికీలోంచి కాలేజీ కబుర్లన్నీ చెప్పి పోతాడు. రెండో సంవత్సరం విద్యార్థులు రికార్డు పుస్తకాలు తెచ్చి దిద్దమన్నారు. వాటిలో ఒకడు వేరు అడ్డుకోత బొమ్మ వేసి కాండం అని రాశాడు. అది చూసి నాకొచ్చిన కోపంతో రెండు రోజులు ఆకలి బాగా వేసింది. ప్రిన్సిపాలు గారిని అడిగి, మూడో వారాల్లో రెండు క్లాసులు తిరిగి తీసుకున్నాను. విన్‌క్రిస్టిన్‌వల్ల వేళ్ళ కొసలు మొద్దుబారతాయి. చొక్కా గుండీ పెట్టుకోవడం గగనం, సుద్దముక్క చేతిలో నిలవదు. మొదటి రోజు మూడుసార్లు జారిపడింది. క్లాసంతా ఊపిరి బిగబట్టింది. ముందు బెంచీలో అమ్మాయి ఒకతె లేచి, ఏమీ అనకుండా సుద్దముక్క తీసుకుని, "చెప్పండి సార్, నేను రాస్తాను" అంది. ఆ గంట నేను పాఠం చెప్పాను, ఆ అమ్మాయి రాసింది. స్పెల్లింగు తప్పు రాస్తే దిద్దాను. అయ్యో అన్నవాళ్ళు లేరు. నాకు కావలసింది అదే.

ఇదంతా నా అదృష్టం. నాకు జీతముంది, సెలవులున్నాయి, స్నేహితులున్నారు. అవి లేని మనిషి సంగతి ఏమిటి?

మా ఆస్పత్రిలో నా పక్క మంచం ఆయన లారీ డ్రైవరు. ఆయనదీ నా జబ్బే, అవే మందులు, అవే తేదీలు. ఆరోగ్యశ్రీ కింద వైద్యం కాబట్టి మందుకి డబ్బు కట్టనక్కర్లేదు. మూడు విడతలు పక్కపక్కనే పడుకుని దేశంలోని రోడ్లన్నిటి గురించీ మాట్లాడుకున్నాం. ఆయన వెంట ఎవరూ వచ్చేవారు కారు. ఊళ్ళో ఆయన మంచం వసారాలోకి మార్చారట. కంచం, గ్లాసు వేరుచేశారట. కేన్సర్ అంటుజబ్బు కాదు. ఒక కంచంలో తిన్నా, ఒక పక్కమీద పడుకున్నా రాదు. ఈ ముక్క ఆ ఇంట్లోవాళ్ళకి కూర్చుని చెప్పినవాళ్ళు లేరు. నాలుగో విడతకి పక్క మంచం మీద కొత్త మనిషి ఉన్నాడు. ఏమయ్యాడని అడిగితే, రాలేదన్నారు.

ఫోను చేశాను. పక్కూరిలో ఎవరో ఆకుపసరు ఇస్తున్నాడట, అది తాగుతున్నాడట. నాకు ఒళ్ళు మండింది. "ఏమండీ, అక్కడ మీకెక్కించేదీ మొక్క మందే గదా, కొలిచి, తూచి, పరీక్షించి ఇచ్చే మొక్క మందు. ఆ పసరులో ఏముందో ఇచ్చేవాడికైనా తెలుసా?" అని గట్టిగానే అన్నాను. ఆయన కాసేపు ఊరుకుని, "అది కాదు మాస్టారూ. ఆయన రోజూ మా వసారాలోకొచ్చి నా పక్కన కూచుంటాడు. గంటసేపు మాటాడతాడు. ఆస్పత్రిలో నాకు నంబరు తప్ప పేరు లేదు" అన్నాడు.

మిత్రులారా, ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఇంతకాలం ఆకుపసరు వైద్యుణ్ణి అజ్ఞానం గెలిపిస్తోందనుకున్నాను. కాదు, పక్కన కూర్చునే ఆ ఒక్క గంట గెలిపిస్తోంది. మందు ఎక్కించేది ఆస్పత్రే. కాని అంత బాధపడి వచ్చినవాడు మళ్ళీ ఇరవై ఒక్క రోజులకి తన కాళ్ళమీద తనే ఆ ఆస్పత్రి మెట్లెక్కాలంటే, మధ్యలో బతుకుమీద రుచి పుట్టించేవాళ్ళు ఉండాలి. స్నేహం వైద్యం కాదు. వైద్యానికి బదులూ కాదు. అది లేకపోతే వైద్యం సగంలో ఆగిపోతుంది.

మొన్న ఆదివారం, నాకు మూడో వారం, మా చదరంగం మిత్రుడి కారులో ఇద్దరం ఆ ఊరు వెళ్ళాం. వెళ్ళేముందు డాక్టరుని అడిగితే, "ఆలస్యమైంది గాని మించిపోలేదు, వెంటనే రమ్మనండి" అన్నారు. ఆ వసారాలో మంచం పట్టెమీద కూర్చున్నాం. ఆయన భార్య నాకు మంచినీళ్ళు తెచ్చి, నా గుండు, ఆయన గుండు మార్చి మార్చి చూసింది. నేను ఆయన గ్లాసు అడిగి తీసుకుని తాగాను. జబ్బు అంటుకోదని నేను చెప్పిన మాటలకంటే ఆ గ్లాసే ఎక్కువ చెప్పిందేమో. బయల్దేరబోతూంటే, "బుధవారం వస్తారా?" అని అడిగాను. "చూస్తాను మాస్టారూ" అన్నాడు. అంతకుమించి అనలేదు.

విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. ఏటా మీరు రక్తదానం చేస్తారు, చాలా గొప్ప పని, మానకండి. దానితోపాటు ఇంకొకటి కలపండి. ఇష్టమున్న పదిమంది పేర్లు రాసుకుని, మన ఊరి ఆస్పత్రివాళ్ళ అనుమతి తీసుకుని, నెలకొక పూట అక్కడికి వెళ్ళండి. తోడు లేకుండా వచ్చినవాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళ తరఫున క్యూలో నిలబడండి. నంబరు కాదు, పేరు అడగండి. మందుల గురించి సలహాలు చెప్పకండి, అది డాక్టర్ల పని. జలుబో జ్వరమో ఉన్నరోజు వెళ్ళకండి. మాట్లాడే ఓపిక లేదంటే లేచి వచ్చెయ్యండి, నొచ్చుకోకండి. ధైర్యం చెప్పక్కర్లేదు. చదరంగం వచ్చా అని అడగండి, చాలు.

ఈ బుధవారం నాకు అయిదో విడత. ఆస్పత్రికి వెళ్ళగానే ముందు పక్క మంచం కేసి చూస్తాను. ఆయన వస్తే సంతోషం. రాకపోతే మళ్ళీ మూడో వారంలో ఆ ఊరు వెళ్తాను. కారులో ఇంకా మూడు సీట్లు ఖాళీ ఉన్నాయి. ఎవరైనా వస్తారా?